లూజు సిగరెట్టు మీద నెంబరుండదు
పొగ మాన్పించే ఫోను ఉన్నా కుర్రకారుకు చేరే దారేది?

ఒంగోలు: కాలేజీలు వదిలే వేళకు కిళ్ళీ కొట్ల దగ్గర సందడి మొదలవుతుంది. సైకిళ్ళు పోయి మోటారు సైకిళ్ళు వచ్చాయి గానీ మిగతా వరసంతా పాతదే. ఒకడు టీ చెబుతాడు. ఇంకొకడు సెల్‌ఫోను తీసి కొట్టు ముందు అంటించిన గళ్ళ బొమ్మకు చూపించి డబ్బు కడతాడు. కొట్టతను పెట్టె తెరిచి రెండు సిగరెట్లు చేతిలో పెడతాడు. పెట్టె మళ్ళీ బల్ల మీదికి పోతుంది. దారానికి వేలాడే లైటరుతో ముట్టించుకుని కుర్రాళ్ళు చెట్టు నీడకు జరుగుతారు.

ఆ పెట్టె మీద ఒక నెంబరుంది. 1800-11-2356. పొగాకు మానాలనుకునే వారు ఫోను చేయవలసిన నెంబరు అది. పైసా ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడతారు. 2018 సెప్టెంబరు 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద, నమిలే పొగాకు పొట్లం మీద దీన్ని అచ్చు వేయాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది.

కానీ పెట్టె కొనేది ఎవరు? ఉద్యోగస్తులు, వ్యాపారస్తులు, నెల జీతగాళ్ళు. జేబు ఖర్చుతో గడిపే కుర్రాడు కొనేది ఒకటీ రెండూ, అదీ లూజుగా. లూజు సిగరెట్టు మీద పుండు పడిన నోటి బొమ్మ ఉండదు, ఫోను నెంబరూ ఉండదు. ఏ కుర్రాడి కోసం ఆ నెంబరు అచ్చు వేశారో వాడి చేతికి తప్ప, పొద్దస్తమానం కొట్టులో కూర్చునే మనిషి కంటికి అది కనిపిస్తూ ఉంటుంది. చేతిలో మాత్రం ఫోను ఉంది. డబ్బు కట్టింది కూడా ఆ ఫోనుతోనే.

పదేళ్ళకే మొదలు

ఇది పెద్దవాళ్ళ సమస్య, చదువుకునే పిల్లలకేమిటి అనుకునే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. 2019లో దేశవ్యాప్తంగా బడి పిల్లల మీద జరిగిన సర్వే లెక్కలు చూస్తే ఆ ధీమా నిలవదు. 13 నుంచి 15 ఏళ్ళ లోపు విద్యార్థుల్లో నూటికి 8.5 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని అందులో తేలింది. మగపిల్లల్లో 9.6 శాతం, ఆడపిల్లల్లో 7.4 శాతం. ఇంకా కలవరపెట్టే సంగతి మరొకటుంది. సిగరెట్ తాగిన పిల్లల్లో 38 శాతం మంది పదో ఏడు నిండకముందే మొదటి దమ్ము లాగారు. నమిలే పొగాకు సంగతైతే ఆ లెక్క 52 శాతం.

ఇవి దేశం మొత్తం మీది లెక్కలు. ఈశాన్య రాష్ట్రాల్లో వాడకం మరీ ఎక్కువ, కొన్ని రాష్ట్రాల్లో బాగా తక్కువ. మన దగ్గర తక్కువేనని చెప్పుకుని తృప్తి పడవచ్చు. పడితే ఎవరికీ మేలు లేదు.

పిన్న వయసులో పట్టిన అలవాటు గట్టిగా పడుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. పొగతో లోపలికి వెళ్ళిన నికోటిన్ మెదడుకు చేరడానికి పది ఇరవై సెకన్లు చాలు. మెదడు ఇంకా ఎదుగుతున్న వయసులో ఆ రుచి తెలిస్తే పది రోజులు తాగి మానేస్తానన్న పందెం సాధారణంగా నెగ్గదు.

ఆకు పండే సీమ

ఒంగోలు ప్రాంతానికి ఈ విషయంలో ఒక చిక్కుంది. ఇది వర్జీనియా పొగాకు పండే నేల. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకు బేళ్ళు వచ్చే రోజుల్లో ఊళ్ళ ముఖాలే మారిపోతాయి. ఆకు ధర పలికితే పెళ్ళిళ్ళు కుదురుతాయి, అప్పులు తీరుతాయి, ఫీజులు కడతారు. పలకకపోతే రోడ్డు మీద ధర్నా. గుంటూరులో పొగాకు బోర్డు వెలిసింది 1976లో. అంతకు చాలా ముందు నుంచే ఇక్కడి బ్యారన్లు మండుతున్నాయి.

అలాంటి చోట పొగాకు చెడ్డదని పిల్లవాడికి చెప్పడం తండ్రికి అంత సులువు కాదు. "మన ఇంటి కూడే అది కదా నాన్నా" అని కొడుకు అంటే ఏం జవాబు చెబుతాడు? ఇక్కడ పండిన ఆకులో ఎక్కువ భాగం పై దేశాలకు పోతుందన్న మాట నిజమే. దాంతో ఆ ప్రశ్న పోదు.

మంచుకు తడిసిన ఆకు రెలిచే కూలీలకు కళ్ళు తిరిగి వాంతులవడం ఈ ప్రాంతం వారికి కొత్త కాదు. ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగడమే దానికి కారణం. పొగ తాగని మనిషిని కూడా ఆ ఆకు ఇలా పడేస్తుందని చేలో పనిచేసిన వారందరికీ తెలుసు. తరగతి గదిలో బల్ల గుద్ది చెప్పే ఉపన్యాసం కన్నా ఈ ఒక్క సంగతి పిల్లల చెవికి ఎక్కువ ఎక్కుతుందేమో.

ఫోను చేస్తే ఏమవుతుంది?

టంగుటూరు వైపు నుంచి రోజూ బస్సులో ఒంగోలు వచ్చి ఇంటర్ రెండో సంవత్సరం చదివే కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. పేరుతో పని లేదు. పదిహేడేళ్ళు. తండ్రికి ఒక బ్యారన్, నాలుగెకరాల ఆకు. కుర్రాడు రోజుకు నాలుగైదు సిగరెట్ల దాకా వచ్చాడు. పరీక్షల ముందు అవి ఏడెనిమిదవుతున్నాయి. మానాలని వాడికీ ఉంది. రెండు సార్లు మానాడు. రెండు సార్లూ మూడో రోజున చెట్టు కిందికి చేరాడు.

మూడో రోజు అన్నది యాదృచ్ఛికం కాదు. నికోటిన్ మానిన వారికి తొలి రెండు మూడు రోజులే మహా గడ్డు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు ఒకచోట నిలవకపోవడం, ఊరికే ఆకలి వేయడం అప్పుడే ఎక్కువ. తిరిగి మొదలుపెట్టే వాళ్ళలో చాలామంది తొలి వారం పది రోజుల్లోనే జారిపోతారు. ఈ సంగతి ముందుగా చెప్పే మనిషి ఉంటే ఆ మూడో రోజు కొంత తేలికవుతుంది. లేకపోతే కుర్రాడు తనకు పట్టుదల లేదనుకుంటాడు. తోటివాళ్ళూ అదే అంటారు.

అటువంటి కుర్రాడు పై నెంబరుకు ఫోను చేస్తే భాష ఎంచుకోమంటారు. ఈ సేవ 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థలో మొదలైంది. తర్వాత దక్షిణాది భాషల వారి కోసం బెంగుళూరులోని నిమ్హాన్స్‌కు విస్తరించారు. అవతల మాట్లాడేది శిక్షణ పొందిన మనిషి, యంత్రం కాదు. రోజుకెన్ని, ఎన్నాళ్ళ నుంచి, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తావు అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న వినడానికి చిన్నదే. అలవాటు ఎంత లోతుకు దిగిందో తేల్చేది ఎక్కువగా అదే. కళ్ళు నులుముకుంటూ ముట్టించేవాడికీ, మధ్యాహ్నం దాకా ఆగగలిగేవాడికీ చెప్పే సలహా ఒకటి కాదు.

ఆ తర్వాత మానేందుకు ఒక తేదీ అనుకుంటారు. తాగాలనిపించినప్పుడు ఏం చేయాలో చెబుతారు. ఆ కోరిక ఒక్కసారిగా లేచినా అయిదు పది నిమిషాలు ఓర్చుకుంటే దానంతటదే దిగిపోతుంది. మంచినీళ్ళు తాగడం, నాలుగడుగులు నడవడం, నోట్లో ఏ సోంపో వేసుకోవడం - ఇవన్నీ ఆ పది నిమిషాలు గడపడానికి పనికొచ్చే ఉపాయాలు. తర్వాత వాళ్ళే తిరిగి ఫోను చేసి ఎలా ఉన్నావని అడుగుతారు. అడిగే మనిషి ఒకరున్నారన్న ఎరుకే సగం మందు.

చిన్న కబురు, పెద్ద పని

ఫోను ద్వారా పొగ మాన్పించడం ఉత్తుత్తి ఆలోచన కాదని పై దేశాల్లో లెక్క కట్టి చూశారు. న్యూజిలాండ్‌లో 1,705 మంది పొగరాయుళ్ళతో జరిపిన పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. వారిలో అత్యధికులు పడుచువాళ్ళే. సగం మందికి సెల్‌ఫోనుకు రోజూ చిన్న కబుర్లు పంపారు. ఆరు వారాలయ్యేసరికి కబుర్లు అందిన వారిలో 28 శాతం మంది మానేశామన్నారు. అందని వారిలో అలా చెప్పింది 13 శాతం.

మానేశామని ఎవరైనా చెప్పవచ్చు కదా అన్న అనుమానం సహజం. బ్రిటన్ డాక్టర్లు ఆ అనుమానాన్ని కూడా తీర్చారు. దాదాపు 5,800 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు తొలి అయిదు వారాలు రోజుకు అయిదేసి చొప్పున, ఆపైన ఆరు నెలల పాటు వారానికి మూడు చొప్పున కబుర్లు పంపారు. ఆరు నెలల తర్వాత మానేశామన్న వారి లాలాజలం పరీక్షించి మరీ చూశారు. కబుర్లు అందిన వారిలో 10.7 శాతం, మిగతా వారిలో 4.9 శాతం నిజంగా మానేశారు. ఈ ఫలితం 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది.

నూటికి పది మందేనా అని పెదవి విరిచే వారుంటారు. నిజమే, తొంభై మంది మానలేదు. అయితే ఆ కబురుకు అయ్యే ఖర్చెంత? డాక్టరు కూర్చోవాలా, గది కావాలా, మందులు కావాలా? ఏమీ లేకుండా మానేవాళ్ళ సంఖ్య రెట్టింపయితే దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

ఆ పరీక్షలో ఒక ఏర్పాటు ముచ్చటగా ఉంటుంది. తాగాలని ప్రాణం లాగుతున్నప్పుడు ఒక్క ఇంగ్లీషు మాట కొట్టి పంపితే చాలు, ఆ క్షణాన్ని దాటించే కబురు వెంటనే వచ్చేది. జారిపోయి ఒకటి తాగేస్తే పంపడానికి వేరే మాట. తిట్టకుండా, మళ్ళీ మొదలుపెట్టమని జవాబు వచ్చేది. ఇంట్లో దొరకనిది ఇదే. మానేశానని చెప్పిన కొడుకు మళ్ళీ ఒకటి తాగానని తండ్రితో చెప్పగలడా?

అమెరికాలో ట్రూత్ ఇనీషియేటివ్ అనే సంస్థ ఈ పద్ధతినే కుర్రకారుకు తగ్గట్టు దిద్దింది. అక్కడి పిల్లలను పట్టుకున్నది ఎలక్ట్రానిక్ సిగరెట్టు. మన దేశంలో దాన్ని 2019లోనే నిషేధించారు. ఆ సంస్థ పంపే కబుర్లలో తోటి కుర్రాళ్ళు రాసిన మాటలు కూడా ఉండేవి. 18 నుంచి 24 ఏళ్ళ వారు 2,588 మందిని ఏడు నెలలు గమనిస్తే కబుర్లు అందిన జట్టులో 24.1 శాతం, అందని జట్టులో 18.6 శాతం మానేశారు. 13 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 1,503 మందితో జరిపిన మరో పరీక్ష 2024లో అచ్చయింది. అందులో 37.8 శాతానికి 28 శాతం. పెద్దవాళ్ళ కన్నా పిల్లలే ఫోను మాట ఎక్కువ విన్నారని దీన్నిబట్టి అనుకోకూడదు; రెండు పరీక్షల లెక్కలు వేరు. పిల్లల మీదా ఈ పద్ధతి పనిచేస్తుందన్నంత వరకు రుజువైంది.

యాపుల సంగతి

ఇక యాపులు. స్మార్ట్‌ఫోనులో పొగ మాన్పించే యాపులు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ఇన్ని రోజులు మానావు, ఇంత డబ్బు మిగిలింది, నీ ఊపిరితిత్తులు ఇంత బాగుపడ్డాయి అని రంగుల చక్రాలు తిప్పి చూపిస్తాయి. మొదటి రెండు రోజులు సరదాగా ఉంటుంది. మూడో రోజున కుర్రాడు ఆ యాపు తెరవడు. తెరవని యాపు ఏం చేయగలదు?

2019లో కొక్రేన్ సంస్థ వారు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ జల్లెడ పట్టారు. చిన్న కబుర్లు పనిచేస్తాయని తేల్చారు. యాపులు పనిచేస్తాయనడానికి మాత్రం ఆధారం దొరకలేదన్నారు. అప్పటికి యాపుల మీద జరిగిన పరీక్షలే అయిదు. 2020లో మాత్రం అమెరికాలో 2,415 మంది పెద్దలతో జరిపిన పరీక్షలో కోరికను అణచకుండా ఓర్చుకోవడం నేర్పే ఒక యాపు వాడినవారిలో ఏడాది తర్వాత 28.2 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు. పోటీకి పెట్టిన మామూలు యాపుతో 21.1 శాతం. అంటే యాపులన్నీ దండగ అనడానికి లేదు. ఏది పనిచేస్తుందో ఎవరైనా పరీక్షించి ఉండాలి. కొట్టులో దొరికే ప్రతి పొడీ మందు కాదు, ఇదీ అంతే.

కబురుకూ యాపుకూ తేడా ఒకటే. కబురు తానే వచ్చి తలుపు తడుతుంది. యాపు దగ్గరకు మనం వెళ్ళాలి.

మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఈ రెండు దారులూ తొక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 2016లో మిస్డ్ కాల్ ఇస్తే మానడానికి సాయపడే కబుర్లు పంపే పథకం పెట్టింది. తొలి రెండేళ్ళలోనే 20 లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. మిస్డ్ కాల్ అంటే మన వాళ్ళకు నేర్పాలా! 2017 ఫిబ్రవరిలో కిశోర ప్రాయం వారి కోసం 'సాథియా సలాహ్' అని ఒక యాపు వచ్చింది. బిడియం వల్ల ఎవరినీ అడగలేని సందేహాలకు జవాబులు ఇందులో దొరుకుతాయన్నారు. ఉద్దేశం మంచిదే. పేరు మాత్రం హిందీ. కొండపి కుర్రాడు ఆ పేరు వెతికి పట్టుకుంటాడని ఎలా అనుకున్నారో.

ఆ ఫోను ఎవరిది?

యాపు తయారుచేసే వాళ్ళు తలకొక ఫోను ఉంటుందనుకుంటారు. పల్లెటూరి ఇంట్లో పరిస్థితి వేరు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతమే. ఆ తర్వాత వాడకం బాగా పెరిగిందని కళ్ళతో చూస్తూనే ఉన్నాం. అయినా అన్నకు ఫోను కొని చెల్లెలిని అమ్మ ఫోను వాడుకోమనే ఇళ్ళు తక్కువ కాదు. అమ్మ ఫోనులో పొగాకు మాన్పించే యాపు ఎక్కించే ధైర్యం ఏ ఆడపిల్లకుంటుంది? ఆడపిల్లల్లోనూ 7.4 శాతం వాడుతున్నారన్న లెక్క ఇక్కడ మరోసారి గుర్తు చేసుకోవాలి.

మగపిల్లవాడి అవస్థ ఇంకో రకం. ఫోను వాడిదే. కానీ చెల్లి ఆటలకు తీసుకుంటుంది, తండ్రి బ్యాంకు కబురు చూడమని అడుగుతాడు. "ఏరా, ఇదేంటి?" అన్న ప్రశ్న ఎప్పుడైనా రావచ్చు. యాపు బొమ్మ ఎప్పుడూ తెర మీద కూర్చుని ఉంటుంది. ఫోనులో మాట్లాడిన మాట గాలిలో కలిసిపోతుంది.

వివరాల గోప్యత సంగతి కూడా ఉంది. పేరు, వయసు, అలవాటు, ఊరు అన్నీ అడిగే యాపులు వాటిని ఎక్కడ దాస్తున్నాయో, ఎవరికి ఇస్తున్నాయో వాడేవారికి తెలియదు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దశలవారీగా అమలులోకి వస్తోంది. 18 ఏళ్ళు నిండని వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అది చెబుతుంది. పిల్లల రక్షణకు ఇది అవసరమే. ఆస్పత్రులకు, వైద్య సిబ్బందికి కొంత మినహాయింపు కూడా ఉంది. మిగతా యాపుల దగ్గర మాత్రం పదిహేడేళ్ళ కుర్రాడు పొగ మానడానికి సాయం కోరాలంటే, ఎవరికి తెలియకూడదని వణుకుతున్నాడో ఆ తండ్రి అనుమతే తెచ్చుకోవాలి. ఈ ముడి ఎలా విప్పుతారో చూడవలసిందే.

పసుపు గీత దగ్గర

విద్యాసంస్థలకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. 18 ఏళ్ళ లోపు వారికి ఎక్కడా అమ్మకూడదు. దొరికితే 200 రూపాయల దాకా జరిమానా. బడి చుట్టూ పసుపు గీత గీయాలని నిబంధనలు కూడా వచ్చాయి. గీత గీసిన చోట గీత ఉంది. గీతకు అవతల కొట్టూ ఉంది. వంద గజాలు నడవడం కుర్రాడికి ఒక లెక్కా?

కాబట్టి కొట్టు దగ్గరే ఏదో చేయాలి. మైనర్లకు అమ్మబోమని బోర్డు పెట్టాలన్న నియమం ఎలాగూ ఉంది. ఆ బోర్డు మీదే 1800-11-2356 అని పెద్ద అంకెలతో రాయిస్తే అయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు. డబ్బు కట్టడానికి ఫోను ఎత్తిన కుర్రాడి కంటికి ఆ గళ్ళ బొమ్మ పక్కనే నెంబరు కనిపిస్తుంది. కాలేజీ గుర్తింపు కార్డు వెనక, బస్ పాస్ వెనక, పరీక్షల హాల్ టిక్కెట్ అడుగున అచ్చు వేయడానికీ ఎవరి అనుమతి కోసమో ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. జిల్లా పొగాకు నియంత్రణ విభాగం, కాలేజీల యాజమాన్యాలు కూర్చుని మాట్లాడుకుంటే ఒక్క పూట పని.

పొగాకుతో ఆగని పిల్లలకు, దిగులుతో నలిగిపోయే పిల్లలకు టెలి మానస్ నెంబరు 14416 ఉంది. ఇది 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నెంబరు తెలియని లెక్చరర్లు కూడా చాలామంది ఉండవచ్చు.

ఫోను చేయదలచిన వారు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కౌన్సెలర్లు తిరిగి ఫోను చేసే వేళ గురించి మొదటి కాల్‌లోనే మాట్లాడుకోవడం మంచిది. ఇంట్లో అందరూ ఉండే వేళ వద్దు, కాలేజీ వదిలాక బస్సు కోసం నిలబడినప్పుడు చేయండి అని కుర్రాడు అడగవచ్చు. సరిగ్గా ఆ వేళకే కదా చెట్టు కింద మిగతా వాళ్ళు ముట్టించేది.